చూడామణి ఇవ్వని రోజు

సైన్స్ ఫేర్ ముందో, స్పోర్ట్స్ డే ముందో నేను తారుమారు చేస్తానేమో. ఆ డిసెంబరులో ఆ ఇంట్లో రోజులు చేతులు మారాయి, కాబట్టి తప్పంతా నాదే అనడానికీ లేదు.

చూడామణి తెల్లారకుండా లేచి, పాలు కాచి, వాకిట్లో ధనుర్మాసం ముగ్గు పెట్టి, అప్పుడు తన మంచం పక్కనున్న కేలండరు కాగితం చింపేది. విజయనగరంలో కూతురు విశాలి ఇల్లు అది. అల్లుడు భావనారాయణకి గరివిడి ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. విశాలి, తన పిల్లలు రేఖా ప్రద్యుమ్నా చదివే బళ్లోనే టీచరు. డిసెంబరొచ్చిందంటే ఆ పిల్లకి ఊపిరాడదు.

"అమ్మా, పదకొండో తారీఖు నాకిచ్చెయ్యవా? స్పోర్ట్స్ డే. రేఖకి డ్రిల్లు డ్రెస్సు ఇంకా కుట్టనేలేదు."

"తీసుకో."

చూడామణి పదకొండో తారీఖు కాగితం చింపి కూతురి చేతిలో పెట్టి పడుకుంటే, పన్నెండు పొద్దున్న లేచేది. విశాలికి పదకొండు రెండుసార్లు వచ్చేది, ఒకటి బడికి, ఒకటి ఇంటికి. వాళ్ల వంశంలో ఆడవాళ్లు పెళ్లిళ్లకీ పురుళ్లకీ ఇలాగే రోజులు ఇచ్చిపుచ్చుకునేవారు. ఒక్కటే ఇబ్బంది. ఇచ్చిన రోజులో ఏముంటే అది తీసుకున్నవాళ్లకే పోతుంది. పదకొండున చూడామణికి రావలసిన మోకాలి నొప్పి విశాలికి వచ్చింది. పాపం, కుంటుతూనే పరుగుపందేలకి విజిలేసింది.

"ఏటమ్మా, ఈ నొప్పి రోజూ ఎలా ఓర్చుకుంటన్నావు!"

చూడామణి పడిపడి నవ్వింది.

సైన్స్ ఫేర్‌కి పదహారు ఇచ్చింది. సెమీ క్రిస్మస్‌కి పంతొమ్మిది ఇచ్చింది. మనవడు ప్రద్యుమ్న వేసిన గొర్రెలకాపరి వేషం మర్నాడు ఫోన్లో చూసుకుంది.

"ఇరవైమూడు మాత్రం అడక్కే," అని ముందే చెప్పింది.

ఆ రోజు జగన్నాధం మాస్టారు వస్తానన్నారు. పాత పాటలు రికార్డు చేసి పుస్తకం వేస్తున్నారాయన. రామతీర్థం దగ్గర చూడామణి పుట్టింటి ఊళ్లో, రాములవారి గుడిలో వాళ్లమ్మ పాడిన పాటలు పద్దెనిమిది. అవి ఇప్పుడు చూడామణికి తప్ప ఇంకెవరికీ రావు. ఈమధ్య గ్యాసు కట్టానో లేదో కూడా ఆవిడకి గుర్తుండడం లేదు. పాటలు కూడా అలా పోతాయేమోనని భయం. పొద్దున్నే పాలు పోయించుకుంటూ ఒకటి, పూలు గుచ్చుతూ ఒకటి పాడుకుని, అన్నీ ఉన్నాయని తృప్తిపడేది. అమ్మ పేరూ తన పేరూ ఒక కాగితం మీద నిలిస్తే చాలనుకుంది. ఇరవైరెండు రాత్రి గంధం రంగు చీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టుకుని పడుకుంది.

లేచేసరికి ఇరవైనాలుగు. కేలండరుకి ఇరవైమూడు లేదు. చీర పెట్టిన మడత పెట్టినట్టే ఉంది.

విశాలి వరండాలో కూచుని యానివర్సరీ డ్రెస్సులకి చమ్కీలు కుడుతోంది.

"ఎవరు చింపేరు?"

"నేనేనమ్మా. ముప్పై డ్రెస్సులు మిగిలిపోయాయి. మా హెడ్మాస్టరు ఒకటే కేకలు. ఒక్క రోజే కదా, అడిగితే ఇవ్వవా ఏటి నువ్వు?"

"ఇవ్వనని తెలిసే కదే అడగలేదు."

విశాలి సూదిలో దారం ఎక్కించుకుంది.

"మాస్టారు రాలేదా?" అంది చూడామణి.

"వచ్చారు. నువ్వు పడుకున్నావని చెప్దామని నోరు తెరిచేను. పాట వచ్చేసింది."

"ఏ పాట?"

"అన్నీని. పద్దెనిమిదీ. నీ రోజులో ఉన్నాయి, వచ్చేసాయి, నేనేం చేసేది? ఆయనకి కళ్లమ్మట నీళ్లొచ్చేసాయి."

చూడామణికి ముందు సంతోషమే కలిగింది. పోనీలే, పాటలు దక్కాయి.

"ఎవరి పేరు రాసుకున్నారు?"

విశాలి తలెత్తలేదు. "ఎదురుగుండా కూచుని నా పేరు రాసుకుంటంటే, మా అమ్మ పేరు రాయండని ఎలా చెప్తానమ్మా?"

"నోరు తెరిచే ఉంది కదే."

లోపలికి వెళ్లి, గోడవైపు తిరిగి, మొదటి పాట ఎత్తుకోబోయింది చూడామణి. ఊపిరి వచ్చింది గానీ మాట రాలేదు. రెండోదీ అంతే. పద్దెనిమిదోదాకా అంతే. మోకాలి నొప్పయితే మర్నాడు తిరిగొచ్చేది, పాటలు రాలేదు.

ఇరవైఏడున యానివర్సరీ. ఆ కాగితం విశాలి అడగలేదు, చూడామణి ఇవ్వలేదు. షామియానా కింద వెనక వరసలో కుర్చీ చూసుకుని కూచుంది. రేఖ డాన్సు అయ్యాక హెడ్మాస్టరు విశాలిని స్టేజీ మీదకి పిలిచాడు. జూన్ నించి ఆవిడే మన సంగీతం టీచరన్నాడు. విశాలి మైకు అందుకుని "అలిగింది సీతమ్మ, అడగరే చెలులారా" అని ఎత్తుకుంది. ఎంత బాగా పాడిందో. అదే చూడామణికి ఎక్కువ గుచ్చుకుంది.

"ఇంత మంచి పాట ఎవరు నేర్పారమ్మా?" అన్నాడాయన.

విశాలి చూపు వెనక వరసదాకా వచ్చింది. తల్లి కనిపించింది కూడా.

"ఎవరూ నేర్పలేదండి. దానంతటదే వచ్చింది."

అందరూ చప్పట్లు కొట్టారు. చూడామణి పక్కన, తన మనవరాలి డాన్సు చూడ్డానికి వచ్చిన అసిరమ్మ మాత్రం కొట్టలేదు. వాళ్లింటికి పాలు పోసే మనిషి.

"అదేటి, ఆయమ్మి అలగంటాది? నువ్వు పాడీ పాట గదేటమ్మా ఇది! పాలు పోసినప్పుడల్లా ఇన్నాను."

"నేనెలా పాడేదాన్నో ఒకసారి అను, అసిరమ్మా."

"సాల్లే, నాకు సిగ్గు."

"అనవే."

అసిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, శ్రుతీ తాళం లేకుండా, "అలిగింది సీతమ్మ" అంది. ఆమె చెవిలో పాత రోజులు ఉండిపోయాయి. వాటిని ఎవరూ చింపలేదు. చూడామణి పెదవులు కదిపి చూసింది. ఆ రెండు మాటలూ గొంతులో నిలబడ్డాయి.

"తరవాత?"

"నాకదే వొచ్చమ్మా. గిన్ని నిండిపోతే ఎలిపోదును గదా."

ఇప్పుడు చూడామణి పొద్దున్నే లేచి పాడుకునేది ఆ రెండు మాటలే.

సుహాసినీ, నా మేనకోడలివి కదా, ఇది అచ్చుకి ఇచ్చేముందు పేర్లు ఒకసారి సరిచూడమ్మా. అసిరమ్మ పేరు ఎక్కడా జారిపోకూడదు. జగన్నాధం మాస్టారి పుస్తకంలో ఆ పాటల కింద ఎవరి పేరుందో, అదొక్కటీ సరిచూడక్కర్లేదు. అది నాకు గుర్తుంది.