ఆరు గ్యాలన్ల వేణ్ణీళ్లు

"నోరీన్, ఇంకా వెలగలేదా? ఇక్కడ చలికి చస్తున్నా," అని మా ఆయన వెండెల్ దుప్పట్లోంచి అరిచాడు. చలికి చచ్చేది బయట కంకరలో మోకాళ్ల మీద కూచున్న నేను. మేం కాపురముండే ఈ ట్రెయిలరుకి నలభై రెండేళ్లు. నీళ్లు కాచే గ్యాసు హీటరు వెలిగించాలంటే బయటి చిన్న రేకు తలుపు తీసి, ఎర్ర బటను బొటనవేలితో నొక్కిపట్టి, అగ్గిపుల్ల అంటించి, అరవై లెక్కపెట్టాలి. ముందే వదిలితే ఆరిపోతుంది. అరిజోనా ఎడారి గాలికి ఐదు పుల్లలు పట్టాయి.

టాంకులో పట్టేవి ఆరు గ్యాలన్లు. పొదుపుగా వాడితే ఇద్దరికీ సరిపోతాయి. పదింటికి మా ట్రెయిలర్లుండే పార్కు ఆఫీసులో నాకు ఇంటర్వ్యూ. పెళ్లయిన ముప్పై ఏళ్లకి నాదంటూ ఒక కుర్చీ. "ఇవాళొక్కరోజు తలంటుకోడానికి కాసిని మిగుల్చు," అని చెప్పే ఆయన్ని స్నానానికి పంపాను. ఆయన తీరిగ్గా ఈలేసుకుంటూ బయటికొచ్చాడు. "అయిపోయాయే. అయినా నీ తల ఎవడు చూస్తాడు, ఎత్తేది టెలిఫోనేగా." చన్నీళ్లు నెత్తిన పోసుకుంటే పుర్రె లోపలిదాకా నొప్పెట్టింది. ఏడుపొచ్చింది గానీ టైమైపోతోందని జుట్టు తుడుచుకున్నాను.

ఆఫీసులో మేనేజరు డోరిస్ నన్ను చూడగానే నవ్వింది. మంచి మనిషే. "ఏమీ అనుకోకు నోరీన్. ఇక్కడి స్నానాల గదుల హీటర్లు కూడా ఆఫీసువాళ్లే వెలిగించాలి. నీ కనుబొమ్మల కథ వెండెల్ శనివారం విందులో చెప్పాడుగా, నవ్వలేక చచ్చాం. నీ చేతికి ఈ పనివ్వాలంటే భయం."

కనుబొమ్మల కథ! రెండేళ్ల కిందట పుల్ల ఆరిపోతే, "గ్యాసు పోనీ, ఐదు నిమిషాలాగుదాం," అన్నది నేను. "నీ మొహం, వెలిగించు," అన్నది ఆయన. భగ్గుమంది, నా కనుబొమ్మలు పోయాయి. పార్కులో అందరం తలో వంటకం తెచ్చుకునే శనివారం విందుల్లో ఆయన అప్పటి నా మొహం పెట్టి చూపిస్తాడు, మా ఆవిడకి అగ్గిపెట్టిస్తే ఊరు తగలెడుతుందంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని, అదీ నా సిగ్గు. డోరిస్‌కి జరిగిందంతా చెప్పాను. "పోనీలే, మొగుళ్లంతే," అని ఆవిడ నా దరఖాస్తు సొరుగులో పెట్టేసింది.

ఇంటికొచ్చి గ్యాసు కట్టేశాను. నెలకోసారి టాంకు అడుగున పేరుకున్న సున్నం కడగాలి, ఇవాళే ఆ రోజు. బిరడా విప్పితే నీళ్లన్నీ కంకరలోకి పోయాయి. అంతలో వెండెల్ పక్క ట్రెయిలరు గస్‌ని వెంటేసుకొచ్చాడు. ఉద్యోగం ఏమైందని అడగలేదు. "గ్యాసూ పుల్లలూ ఆడాళ్ల అవస్థ. నేను కరెంటు కడ్డీ కొత్తది పెట్టించా, చూద్దువుగాని రా," అని గస్‌ని లోపలికి తీసుకెళ్లాడు.

ఆ కడ్డీ ఉన్నదీ ఈ టాంకులోనే, కరెంటు ఖర్చని నన్ను మాత్రం ముట్టుకోనివ్వడు. టాంకు ఖాళీగా ఉన్నప్పుడు దాని స్విచ్ వేస్తే కడ్డీ నిమిషంలో మాడిపోతుంది. "ముందు నీళ్లున్నాయో లేదో చూడు" అని అది బిగించిన రోజు నుంచీ మొత్తుకుంటున్నది నేనే. ఇవాళ నోరు మెదపలేదు. బిరడా చేత్తో పట్టుకుని అక్కడే కూచున్నాను.

స్విచ్ చప్పుడైంది. కాసేపటికి మాడు వాసన వచ్చింది. గస్ పగలబడి నవ్వుతున్నాడు.

"నోరీన్, ఏం చేశావే?"

"ఏమీ చెయ్యలేదు," అన్నాను బిరడా బిగిస్తూ. ఎల్లుండే శనివారం విందు. ఆయన మొహం ఎలా పెట్టాడో చూసి నేర్చుకోడానికి లేచి లోపలికెళ్లాను.