ఛత్రినాక ఆడవాళ్ల జట్టు గెలిచిన వారం

రెండేళ్లపాటు వరసగా ఓడినా లీలమ్మకు ఏనాడూ తలనొప్పి రాలేదు. గెలవడం మొదలుపెట్టిన వారంలోనే వచ్చింది.

ఆమె ఫలక్‌నుమాలో ఒక మిషన్ బడి డ్రిల్లు టీచరు. బడి గదిలో మూలపడి ఉన్న సాఫ్ట్‌బాల్ బ్యాట్లూ గ్లౌజులూ చూసి, డెబ్బై ఏడులో ఛత్రినాక ఆడవాళ్లను పోగుచేసి జట్టు కట్టింది. కుట్టుమిషన్లు వదిలి ఒకరు, పొయ్యి దగ్గర నుంచి ఒకరు వచ్చేవాళ్లు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని పరిగెత్తేవాళ్లు, ఓడిపోయేవాళ్లు, నవ్వుకుంటూ ఇళ్లకు పోయేవాళ్లు. ఎవరి మొగుడూ పట్టించుకోలేదు. ఏ అత్తా అడ్డుపడలేదు.

డెబ్బై తొమ్మిదిలో చాంద్రాయణగుట్ట మైదానంలో లీగ్ జరిగింది. నాలుగు జట్లు. ఒక్కో జట్టుకు మూడు మ్యాచ్‌లు. సోమవారం, ఎప్పుడూ బంతి వేసే ఆమె జ్వరంతో రాకపోతే, లీలమ్మ ఇక చేసేది లేక బంతి ఆండాలు చేతికిచ్చింది. ఆండాలు పాల వ్యాపారి రామ్‌చందర్ కోడలు. ఎత్తు గోడ మీదికి పేడముద్దలు విసిరి పిడకలు కొట్టే చెయ్యి. కింది నుంచి ఊపి బంతి వదిలితే బ్యాట్ పట్టినవాళ్లకు అది కనబడితే ఒట్టు. మూడుసార్లు తప్పితే ఔట్. అలా పదకొండుమంది ఔటయ్యారు. జట్టు గెలిచింది.

మంగళవారం పొద్దున్నే రామ్‌చందర్ పాల క్యాన్లున్న సైకిల్‌తో బడి గేటు ముందు నిలబడ్డాడు.

“ఏంది టీచరమ్మా గిది? నాలుగు గొట్టంగ బర్లకు పాలు పిండాలె. కోడలేమో బంతాటకు పాయె. బర్లు ఒక్కటే లొల్లి.”

“రెండేండ్ల నుంచి ఆడుతుంది కదన్నా, ఇన్నాళ్లూ ఏమనలేదే?”

“ఓడిపోతే జల్దీ ఇంటికొస్తుండె. గెలిస్తే సోడాలు, చప్పట్లు, ముచ్చట్లు. పొద్దుగూకినంక వచ్చింది.”

అంటే ఓడిపోతేనే పంపిస్తానంటున్నాడు.

“రేపు ఒక్కసారి వచ్చి నీ కండ్లతోని చూడు. వద్దనిపిస్తే మళ్లీ పంపకు” అంది. ఆ వారంలో ఆమె చేసిన పెద్ద పొరపాటు అదే.

బుధవారం రామ్‌చందర్ మూడింటికే పాలు పిండేసి మైదానానికి వచ్చాడు. పక్కవాళ్లను అడిగి ఆట తెలుసుకున్నాడు. ఆట సగానికొచ్చేసరికి అంపైర్ మీద పడ్డాడు.

“గది ఔటెట్లయితది? దిఖ్తా నై క్యా సాబ్, కండ్లు కనబడ్తలేవా?”

అంపైర్ రామలింగం వేరే బడి డ్రిల్లు మాస్టరు, నెమ్మదస్తుడు. ఆయనకే చిర్రెత్తింది. “మేడం, ఇంకొక్క మాటొచ్చిందంటే మీ జట్టు ఓడినట్టు రాసేస్త” అన్నాడు. లీలమ్మ ఒక కన్ను ఆట మీద, ఒక కన్ను రామ్‌చందర్ మీద పెట్టి మిగతా ఆటంతా గడిపింది. రెండు పరుగులతో గెలిచారు.

గురువారం అతను రూల్సు పుస్తకం అడిగాడు. నోరు మూయించవచ్చని లీలమ్మ ఇచ్చింది. ఇంగ్లీషు పుస్తకం. పోస్టాఫీసులో గుమస్తా అయిన కమల, జట్టులో మొదటి బేస్ దగ్గర, అంటే కొట్టినవాళ్లు పరిగెత్తి చేరాల్సిన మొదటి పలక దగ్గర నిలబడే మనిషి, ఓపిగ్గా చదివి చెప్పింది. అతను పాలతో పాటు ఆ రూల్సూ ఇంటింటికీ పోశాడు. శనివారానికి సగం ఛత్రినాక మైదానంలో ఉంది.

ఈ మ్యాచ్ గెలిస్తే కప్పు. చివరి ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు ముందున్నారు. ఇంకొక్కరు ఔటైతే ఆట అయిపోతుంది. అవతలి పిల్ల కొట్టి పరిగెత్తింది. ఆ పిల్ల బేస్ చేరేలోపే మనవాళ్లు విసిరిన బంతి కమల చేతిలో పడింది. రామలింగం వేలెత్తాడు. ఛత్రినాక అంతా గంతులేసింది.

“ఆగుండ్రి!” రామ్‌చందర్ గీత దాటి లోపలికొచ్చాడు. “ఔట్ కాదు! బంతి పట్టినప్పుడు కమల కాలు బేస్ మీద ఉండాలె, లేదు. జానెడు దూరమున్నది.”

రామలింగం కమల వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. “నిజమే సార్. కాలు జారింది.”

వేలు దిగింది. కొట్టిన పిల్ల బేస్ మీదే నిలిచింది.

“అసలు నీది ఏ జట్టు అన్నా?” లీలమ్మ గొంతు మైదానమంతా వినబడింది.

“ఏ జట్టైతేంది టీచరమ్మా, రూల్ రూలే గద!”

జనం అతని మీదికి లేచారు. అప్పుడు ఆండాలు, ఆరేళ్ల కాపురంలో మామ ముందు తలెత్తని ఆండాలు, బంతి పట్టుకుని ఎదురుగా వచ్చింది.

“మామా, గీత అవుతలికి పో. ఇంకోసారి నోరు తెరుస్తే రేపటి సంది పాలు నువ్వే పిండుకో.”

అతను పోయాడు. బ్యాట్ పట్టుకుని తర్వాత వచ్చినామెకు ఆండాలు మూడంటే మూడు బంతులు వేసింది. మూడోదానికి ఆమె బ్యాట్ కదపనే లేదు. రామలింగం వేలు మళ్లీ లేచింది.

అందరూ కప్పు చుట్టూ చేరారు. లీలమ్మ మాత్రం గ్లౌజుల పెట్టె మీద కూలబడింది. కోపం చల్లారడంలేదు. అది రామ్‌చందర్ మీద కోపం కాదని ఆమెకు తెలుసు. కమల కాలు తనకూ కనబడింది. పిల్లలకు ఇరవై ఏళ్లుగా నీతులు చెప్పిన నోరు ఆ క్షణంలో లేవలేదు. చివరికి లేచి, దూరంగా ఒంటరిగా నిలబడ్డ అతని దగ్గరికి వెళ్లింది.

“కమల కాలు నేను గూడ చూసినన్నా. చెప్పలేదు.”

రామ్‌చందర్ ఆమెను తేరిపార చూశాడు. “పోనీ తియ్యి టీచరమ్మా” అన్నాడు మెల్లగా. అంతలోనే ముఖం వెలిగింది. “గదొక్కటే గాదు. మూడో ఇన్నింగ్స్‌ల కూడ మనోళ్లది ఒక తప్పున్నది. చెప్పాల్నా?”

“వద్దు!” అని అరిచి లీలమ్మ బస్సు కోసం నడిచింది.