ఎర్రమందు నూకరాజు

చేదలో ఎర్రమందు పలుకులు వేసి పుల్లతో తిప్పుతుంటే నీళ్లు వంగపండు రంగుకి తిరిగాయి. నూకరాజు చేదను బావిలోకి దింపి, తాడు పైకీ కిందకీ ఆడిస్తూ, రంగు కలిసేదాకా వంగి చూశాడు. చూస్తూనే కాలి బొటనవేలితో గట్టు గీకుతున్నాడు. ఒక్కచోట కుదురుగా నిలబడడం అతనికి పుట్టుకతోనే రాలేదు. సన్నగా, పొడుగ్గా, మెడ దగ్గర ఎముకలు తేలిన మనిషి. వేళ్లన్నీ గోళ్లతో సహా మందు అంటి గోధుమరంగు. సబ్బుకీ పోదు, కుంకుడుకాయకీ పోదు. సాలూరు నుంచి రాయ్‌పూర్ రైల్వే కాలనీకి వచ్చిన నాటి నుంచీ కలరా రాకుండా బావులకు మందు వేయడమే అతని ఉద్యోగం. తెల్లవాళ్లున్నప్పుడూ అదే, వాళ్లు వెళ్లిపోయాకా అదే.

గట్టు చుట్టూ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడ్డారు. ఒక్కరూ ముందుకు రారు.

ఆ పుకారు ఈ వేసవిలో పుట్టింది. బియ్యానికి కరువొచ్చిందట, రేషను చాలడం లేదట, అందుకని సర్కారు బావుల్లో మందు కలిపి ఆడవాళ్ల కడుపులు పండకుండా చేస్తోందట. ఎవరు చెప్పారంటే ఎవరూ కాదు, అందరూ. శానిటరీ ఇన్‌స్పెక్టర్ మల్లేశ్వరరావు గారొచ్చి, కలరా పురుగుల గురించి పుస్తకాల భాషలో పెద్ద ఉపన్యాసమిచ్చి, ఆఖరికి "రోజూ వీళ్లెదుట నువ్వే తాగి చూపించు, అంతకన్నా రుజువేం కావాలి?" అని నూకరాజు నెత్తిన పెట్టి పోయాడు. మహానుభావుడు గొప్ప రుజువే కనిపెట్టాడు! పెళ్లై ఇన్నేళ్లయినా నూకరాజుకు పిల్లల్లేరని ఆయనకు తెలియదు. కాలనీ మొత్తానికి తెలుసు.

నూకరాజు గ్లాసు ముంచి గడగడా తాగేశాడు.

"తాగు నాయనా, తాగు," అంది సూరమ్మ, నోట్లో చుట్ట తియ్యకుండానే. కాలనీలో పెద్దది, ఆమె మాటకి ఎదురులేదు. "నువ్వు తాగుతున్నావనే మాం తాగడం నేదు. నీ ఇంట్లో ఉయ్యాలేదిరా?"

ఆడవాళ్లు కిసుక్కుమన్నారు.

"నీ కోడలు ఈ నీళ్లే తాగి నలుగుర్ని కన్నేదేటప్పా?" అన్నాడు నూకరాజు.

"అది పట్టాలవతల గుఢియారీ బావి నీళ్లు తాగింది. నానే మోసి తెచ్చాను."

"ఎప్పుడు తెచ్చావు? ఎవులూ సూణ్ణేదే!"

"ఎవులూ సూడకుండా తెచ్చాను మరి."

ఇదీ వాదన! ఏ సంగతి పట్టుకెళ్లినా ఆవిడ దగ్గర తప్పించుకునే సందు ఒకటుంటుంది.

"ఆ బావికి మందెయ్యనివ్వడం నేదని రోజూ పాడెలు లేస్తున్నాయప్పా అక్కడ. కాస్త ఆలోసించండి."

"ఆల్ల ఆయుస్సు తీరింది, పోయారు," అనేసి సూరమ్మ బిందె చంకనెత్తుకుంది. మిగతావాళ్లూ ఆమె వెనకే పట్టాల వైపు నడిచారు.

నూకరాజు చేద ఊరికే కడిగాడు. కడిగిందే మళ్లీ కడిగాడు. అతని మనసు ఇక్కడ లేదు. నిన్న అన్నం పెడుతూ పెళ్లాం గంగాభవాని అంది: "మావా, ఆ గలాసు తాగడం మానీ."

"మానేస్తే ఆల్లు సెప్పిందే పక్కా అనుకుంటారే గంగీ."

"తాగితే మాత్రం అనుకోడం నేదేటి?"

నిజం చెప్పాలంటే అతనిలోనూ ఒక పిరికి మూల ఉంది. ఇన్‌స్పెక్టర్ గారి మాట నిజమని తెలుసు. తెలిసినా, ఎవరింట్లోనో పసిబిడ్డ ఏడిస్తే గ్లాసు వైపు చూసుకునేవాడు. ఈ పొద్దున గంగాభవాని లేవలేదు. "కడుపులో బాగానేదు, నువ్వెల్లు," అని గోడవైపు తిరిగింది. అలిగిందనుకుని వచ్చేశాడు.

రెండో బావి దగ్గర ఉండగా పక్కింటి రమణమ్మ ఒగరుస్తూ వచ్చింది. "నూకన్నా, బేగి రా! వదినకి వాంతులు, ఇరోచనాలు!"

చేద అక్కడే వదిలి పరుగెత్తాడు. గంగాభవాని చాప మీద ముడుచుకుని ఉంది. కళ్లు లోపలికి పోయాయి. చాకిరేవులో నానినట్టు చేతివేళ్లు ముడతలు పడ్డాయి. అతను ఎత్తుకోబోతే ఆమె ఆగమని, మంచం కిందకి చూపించింది. మూతికి గుడ్డ కట్టిన చిన్న బిందె.

"నీ దవాయి కాదు మావా. నాను నీ నీళ్లు తాగనేదు," అంది. గొంతు గాలిలా వచ్చింది. "మిట్టమజ్జానం ఎవులూ నేనప్పుడు ఎల్లి, గుఢియారీ నించి తెచ్చుకున్నాను. ఒక్క గుంటడైనా పుడతాడని... ఆల్లకి సెప్పీ. నీ మీద ఏసేస్తారు."

మందు సామాన్లు తోసే బండి మీదే ఆసుపత్రికి తోసుకెళ్లాడు. డాక్టరు సెలైను ఎక్కించాడు, నరం దొరకడానికే చాలాసేపు పట్టింది. నూకరాజు వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగాడు. కూర్చోమంటే కూర్చుని మళ్లీ లేచాడు. సాయంత్రం రైలు కూత కూసేసరికి లోపల అంతా అయిపోయింది. అతను గోడకు తల ఆనించి బావురుమన్నాడు.

పొద్దుగూకే ముందు బిందె తీసుకుని బావి దగ్గరికి వచ్చాడు. కబురు అప్పటికే వచ్చింది. సూరమ్మ గట్టు మీద కూలబడి గుండెలు బాదుకుంటోంది, నిజంగానే. "సెప్పానా అమ్మా! ఆ మందే తల్లిని మింగేసింది!"

నూకరాజు బిందెను గట్టు మీద పెట్టాడు.

"ఇవి గుఢియారీ నీళ్లు. మా గంగి దొంగతనంగా ఇవే తాగింది. నా మందు తాగుంటే బతికేది. మీకు సెప్పమని ఆకరన నాతో అంది."

రమణమ్మ ఆ గుడ్డ వైపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సూరమ్మ కళ్లు తుడుచుకుంది.

"పెళ్లాం పోయినోడు, ఏటనగలం," అంది మెల్లగా, జాలిగానే. "సర్కారోల్లు ఇలా సెప్పమనుంటారమ్మా. నౌకరీ మరి. ఆ బిందెలో ఈడే ఏదో కలిపి తెచ్చుంటాడు. ఎవులూ ముట్టుకోకండి."

ఆడవాళ్లు ఒక్కొక్కరే ఖాళీ బిందెలు ఎత్తుకున్నారు. పట్టాల వైపు నడిచారు. రమణమ్మ కాసేపు తటపటాయించి, ఆమె కూడా వెళ్లింది. నూకరాజు కదలకుండా చూస్తూ నిలబడ్డాడు. అతని కాలు గట్టును గీకడం మానేసింది. తర్వాత ఆసుపత్రి వైపు తిరిగాడు.

గట్టు మీద బిందె ఉండిపోయింది, మూతికి గంగాభవాని తన పాత ఆకుపచ్చ చీర చింపి కట్టిన గుడ్డతో, ముడి ఎవరూ విప్పకుండా.