పూలు రాలని డ్రోను

నకరికల్లు పక్కన ఆ ఊళ్ళో ఆగస్టు పదిహేను అంటే పేరుకే జెండా పండగ, అసలుకి మాజీ జవాను సర్దార్ పండగ. కార్గిల్లో పోరాడి, పింఛను పుచ్చుకుని ఇంటికొచ్చిన ఏడాది నుంచీ హైస్కూలు మైకు ఆయనదే. బోఫోర్స్ ఫిరంగి ఎంత పొడుగో చేతులు చాపి చూపించేవాడు. నలభై కేజీల పైచిలుకు గుండును చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎట్లా మోసేవాళ్ళో, అది పేలితే కొండ ఎట్లా ఊగేదో చెప్పేవాడు. ఆ కొండ ఏటేటా కాస్త పెద్దదవుతూ వచ్చిందనుకోండి. అయినా పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. ఏడాది పొడుగునా ట్రాక్టర్ల కింద దూరి మెకానిక్ పని చేసుకునే మనిషికి ఆ ఒక్క పొద్దే దొరతనం.

ఈసారి ఆ మైకు చేజారింది. సాంబశివరావు కొడుకు హర్ష మిలిట్రీలో డ్రోన్లు నడుపుతాడు. మొన్న మే నెల యుద్ధం ముగిశాక సెలవు మీద వచ్చాడు. ఊళ్ళో ప్రతి ఇంట్లో టీవీ డ్రోన్ల గురించే ఊదరగొట్టి ఉంది కాబట్టి, కుర్రాడు బస్సు దిగేసరికే హీరో అయిపోయాడు. ఎమ్మెల్యే వస్తే జేసీబీ తొట్టెలోంచి పూలు పోయించే సాంబశివరావుకి మహత్తరమైన ఆలోచన వచ్చింది. పత్తికి మందు కొట్టే డ్రోనుతో కొడుకు చేత బడిపిల్లల మీద పూలు కురిపించాలని.

హెడ్మిస్ట్రెస్ నీలిమ టీచర్ షెడ్డుకొచ్చి, "సర్దార్ గారూ, ఈసారి హర్ష చేత మాట్లాడిద్దాం. మీరు ముందు వరసలో కూర్చోండి" అంది.

"అట్నే అమ్మా" అన్నాడు నవ్వుతూ. కడుపు మాత్రం భగ్గున మండింది.

ఆ మంట ఇంటికెళ్ళి భార్య ఫాతిమా మీద కక్కాడు. "ఏంది వాడు చేసిన యుద్ధం? గదిలో కుర్చీ ఏసుకుని టీవీ చూసినట్టు చూడటమేగా! మేం ఆరుగురం ఒళ్ళు హూనం చేసుకుంటే గానీ ఒక్క గుండు కదిలేది కాదు. మందుగుండు వాసనన్నా తెలుసా ఆడికి?"

"నువ్వు చేసింది నువ్వు చేశావ్, ఆ పిల్లోడు చేసింది ఆ పిల్లోడు చేశాడు. నీకేంది బాధ?"

"నువ్వు మాట్లాడమాక."

అది ఓర్వలేనితనమని ఆయనకూ తెలుసు. తెలిసినంత మాత్రాన ఆగుతుందా? టీకొట్టు దగ్గర హర్ష చుట్టూ జనం మూగితే ఆయనకు టీ చేదెక్కేది. "పైనుంచి మనుషులు గూడా కనబడతారంట గదరా?" అని ఎవరో అడిగితే, హర్ష "కనబడతారు" అని గ్లాసు పెట్టేసి వెళ్ళిపోయాడు. పొగరు అనుకున్నాడు సర్దార్. అట్లా అనుకోవడం హాయిగా ఉంది.

పుండు మీద కారం చల్లినట్టు సాంబశివరావే షెడ్డుకొచ్చాడు. "బావా, డ్రోను కింద పూల సంచి యేలాడాల. బటన్ నొక్కితే మూతి ఊడాల. ఆ కొక్కెం నువ్వే చెయ్యాల."

సర్దార్ దాన్ని చెడగొడదామనే కూర్చున్నాడు. చేతులు మాట వినలేదు. ఎన్నిసార్లు నొక్కినా ఠక్కున ఊడే కొక్కెం తయారైంది. తనను తాను తిట్టుకుంటూ దానికి నూనె కూడా రాశాడు.

జెండా ఎగిరింది. డ్రోను గుయ్యిమంటూ లేచి, గ్రౌండులో వరసలు కట్టిన పిల్లల నెత్తి మీద ఆగింది. పిల్లలంతా మొహాలు పైకెత్తి "పూలు! పూలు!" అని అరుస్తున్నారు. సర్దార్ ముందు వరసలో కూర్చుని, యా అల్లా, ఆ సంచి ఊడకూడదు, అని సిగ్గు విడిచి మొక్కుకున్నాడు.

సంచి ఊడలేదు. హర్ష రిమోటు స్క్రీన్ కేసే చూస్తున్నాడు. బొటనవేలు బటన్ మీదే ఉంది, కదలడం లేదు.

"నొక్కరా!" అని అరిచాడు తండ్రి.

డ్రోను పక్కకి జరిగి, ప్రహరీగోడ దగ్గర దిగిపోయింది. పూలు సంచిలోనే ఉన్నాయి. "మిలిట్రీలో ఇదేనా నేర్పింది?" అని ఎవరో కూశారు. జనం గొల్లుమన్నారు.

సర్దార్‌కి కడుపు చల్లబడింది. ఆ సంతోషాన్ని దగ్గర్నుంచి అనుభవిద్దామని లేచి హర్ష దగ్గరికెళ్ళాడు.

"ఏందిరా అల్లుడా, పూలు గూడా పడలా?"

హర్ష చొక్కా చెమటకి తడిసిపోయింది. "వరసలో నిలబడ్డారు మామా" అన్నాడు, ఆయనకొక్కడికే వినబడేట్టు. "అక్కడ వాళ్ళ క్యాంపులో గూడా ఇట్నే. పళ్ళేలు పట్టుకుని, అన్నానికి. పైనుంచి తలకాయలే కనబడతయ్. నొక్కమన్నారు, నొక్కా. తర్వాత గూడా చూస్తానే ఉండమన్నారు, ఎంతమంది లేస్తారో చెప్పాలంట."

సర్దార్ పేల్చిన గుండ్లన్నీ కొండ అవతల పడ్డాయి. ఒక్కటి కూడా ఎవరి మీద పడిందో ఆయన చూడలేదు.

ఈలోగా నీలిమ టీచర్ మైకు పట్టుకుని పరుగున వచ్చింది. "సర్దార్ గారూ, మీరే రావాలి. కార్గిల్ సంగతి చెప్పండి." పిల్లలు చప్పట్లు కొట్టారు. వారం రోజులుగా ఆయన కోరుకున్నది అదే. మైకు అందుకున్నాడు. సాంబశివరావు తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"తప్పు పిల్లోడిది కాదు" అన్నాడు సర్దార్. "కొక్కెం నేను చేశా. అది పట్టేసింది. లాగితే డ్రోనే మీ నెత్తిన పడుద్దని తెలిసి పక్కకి దించాడు. ఇంకోడైతే దించలేడు. కొట్టండి చప్పట్లు."

గ్రౌండు దద్దరిల్లింది. సాంబశివరావు తలెత్తి, "బావకి వయసైపోయింది, చెయ్యి ఆడటంలా" అన్నాడు. ఈసారి జనం సర్దార్ని చూసి నవ్వారు. ఆయన మైకు తిరిగిచ్చేశాడు. కార్గిల్ ఊసెత్తలేదు.

ఇంటికెళ్ళే దారిలో ఫాతిమా అడిగింది. "నిన్న నా ముందే అన్నిసార్లు ఊడదీశావ్. అదెట్టా పట్టేసిందయ్యా?"

సర్దార్ నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఆయన కళ్ళ ముందు తమ పెళ్ళి ఊరేగింపు ఉంది. కార్గిల్ యుద్ధం అయిన నెలకే సెలవు పెట్టి వచ్చి చేసుకున్న పెళ్ళి. వీధి మొగలో టపాకాయల దండ ముట్టించగానే పెళ్ళికొడుకు ఎగిరి ట్రాక్టర్ కింద దూరి, తల చేతుల్లో పెట్టుకుని బురదలో బోర్లా పడుకున్నాడు. బాజాలవాళ్ళు వాయించడం ఆపి మరీ నవ్వారు. ఏడాది పాటు ఊరంతా చెప్పుకుంది. కాలు జారిందని ఒక్కడంటే ఒక్కడు అనలేదు.

హర్ష మీద మళ్ళీ కడుపు మండింది. ఇప్పుడు మైకు కోసం కాదు.

"ఆడికి నేనున్నా" అన్నాడు. "ఆ రోజు నువ్వు గూడా నవ్వావే ఫాతిమా."