గట్టి నేల ఎంతవరకు

విమానానికి బ్రేకులు ఉంటాయా అసలు, ఉంటాయిలే, చక్రాలున్న ప్రతిదానికీ ఉంటాయి, తన రోడ్డు రోలరుకే సరిగ్గా లేవు, ఇరవయ్యారేళ్లుగా నడుపుతున్నాడు, అది ఆగడానికి బ్రేకు దేనికి, గేరు తీస్తే తన బరువుకి తనే చతికిలబడుతుంది, అందుకే ఊరంతా అతన్ని తాబేలంటుంది, పిలిస్తే పలుకుతాడు కూడా, కానీ ఇప్పుడు వచ్చేది తాబేలు కాదే, మబ్బుల వెనక ఎక్కడో మూలుగుతోంది, సైన్యం వాళ్ల సరుకు విమానమట, లోపల లారీ పట్టేంత చోటుందట, తిండి సామానూ మందులూ దించేసి రోగుల్ని ఎక్కించుకుపోతుందట, ఆ పదకొండు మంది రోగుల్లో అతని భార్య ఒకతె, రన్‌వే పక్కన రేకుల షెడ్డులో మడతమంచం మీద మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకుంది, ఇందాక నీళ్లు తాగిస్తూ విమానం వస్తోందే అని చెబితే, నొప్పితో పళ్లు బిగపట్టి కూడా, నువ్వేసిన రోడ్డు మీద బస్సే గెంతుతుంది, విమానం ఏం దిగుతుందయ్యా అంది, ఆ మాటకి అతనికి ప్రాణం లేచొచ్చింది, వెక్కిరించే ఓపిక ఉందంటే మనిషి ఇంకా చేతిలోనే ఉన్నట్టు.

మూడు రోజులు గ్యాస్ అంటూ దాచింది, మహాతల్లి, వరదకి వంతెన కొట్టుకుపోయాక గాని నోరు విప్పలేదు, ఆసుపత్రి డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి అతన్ని బయటికి పిలిచి, అపెండిక్స్ పగిలిందండీ, సాయంత్రంలోగా ఆపరేషన్ చెయ్యాలి, ఇక్కడ నా దగ్గర మత్తిచ్చే దిక్కు కూడా లేదు అంది, అంటూ తనే కళ్లు తుడుచుకుంది, ఆవిడకి నిద్రపోయి ఎన్ని రోజులైందో, ఆవిడే కదా ఫోన్లు చేసి చేసి గొంతు పోగొట్టుకుని ఈ విమానాన్ని రప్పిస్తున్నది, ఆవిడకి దండం పెట్టాలి, విమానం దిగే నేల చూడ్డానికి ప్రాణాలకి తెగించి పడవలో వచ్చిన ఆ ముగ్గురు సైనికులకీ పెట్టాలి, వాళ్లలో పెద్ద ఆ ఆఫీసరమ్మాయి, అతని కూతురి ఈడుది, మోకాళ్ల దాకా బురదతో దిగీ దిగగానే, పంటలకి మందు చల్లే విమానాల కోసం వేసిన ఈ రన్‌వేని ఎవరు చదును చేశారని అడిగింది, అందరూ తాబేలు తాబేలని నవ్వుతుంటే ఆ అమ్మాయి నవ్వలేదు, మేస్త్రిగారూ, నాతో నడుస్తారా అంది, మేస్త్రిగారూ అంది, అతను వెనక ఇంకెవరో ఉన్నారేమోనని తిరిగి చూశాడు.

నడిచారు, పన్నెండు వందల మీటర్లు, వాళ్లు వందేసి మీటర్లకి ఒకచోట ఇనుప చువ్వ గుచ్చి లోతు చూసి రాసుకుంటున్నారు, బాగుంది, గట్టిగా ఉంది అనుకుంటున్నారు, అతను మాత్రం గునపం భుజాన వేసుకుని నోరు మూసుకుని నడుస్తున్నాడు, ఎందుకంటే అతనికి తెలుసు, తొమ్మిది వందల మీటర్లు దాటాక గడ్డి కింద ఒక పాత కాలువ అడ్డంగా ఉంది, దాన్ని పూడ్చింది తనే, పొర పొరకీ ఎనిమిదేసి సార్లు రోలరు తొక్కించాలి, వానలొచ్చేస్తున్నాయి, రెండుసార్లు తిప్పి పైన మట్టి కప్పెయ్ అన్నాడు కాంట్రాక్టరు, కప్పేశాడు, తొమ్మిదేళ్లు ఎవరికీ చెప్పలేదు, మందు చల్లే చిన్న విమానాలు అంత దూరం ఎప్పుడూ రాలేదు కాబట్టి బయటపడలేదు, నాలుగు మీటర్ల వెడల్పు, సైనికుల చువ్వ గుచ్చిన రెండు చోట్ల మధ్య హాయిగా దాక్కుని ఉంది, చెబితే విమానం వెనక్కి పోతుంది, సాయంత్రం పోతుంది, ఆమె పోతుంది, చెప్పకపోతే, ఏమో, దాని మీద నుంచి దాటిపోతుందేమో, ఇంత పెద్ద చక్రాలు, దాటెయ్యవూ, అనుకుంటూనే ఉన్నాడు, అతని కాళ్లు మాత్రం సరిగ్గా ఆ చోటికి రాగానే ఆగిపోయాయి.

అది చూసి ఆ అమ్మాయి పుస్తకం మూసింది, మూసి, మేస్త్రిగారూ, ఈ నేల గురించి నాకు తెలియనిది ఇంకేమైనా ఉందా అని అడిగింది, అతను గునపం దించి గుచ్చాడు, చేతి బలం పెట్టకుండానే సగం దాకా దిగిపోయింది, చెప్పేశాడు, కాంట్రాక్టరు మాట, రెండుసార్ల తొక్కుడు, అంతా, తిడుతుందనుకున్నాడు, ఆమె తిట్టలేదు, గునపం దిగిన లోతు చూసి, షెడ్డులో ఉన్నావిడ మీకేమవుతారు అంది, నా భార్యండీ అన్నాడు, ఆమె రేడియో తీసింది, పైన గాల్లో ఎక్కడో ఉన్న పైలట్‌కి అంతా చెప్పింది, రేడియో గరగరలాడింది, తర్వాత ఒక పెద్ద వయసు గొంతు, నింపాదిగా, గట్టి నేల ఎంతవరకో ఆయన్నే చెప్పమను, అంది, అతను రేడియో దగ్గరికి వంగి ఎనిమిది వందల తొంభై మీటర్ల దాకా నాది పూచీ అయ్యా అన్నాడు, సరిపోతుంది, మొదట్లోనే దింపుతాను, ఆ హద్దు దగ్గర తెల్లగా ఏదన్నా పరిచి ఉంచండి, అంది ఆ గొంతు, అందుకే ఇదిగో ఈ ఆసుపత్రి దుప్పట్లు, నర్సమ్మా అతనూ అడ్డంగా పరిచి రాళ్లు పెట్టారు.

వచ్చేసింది, మబ్బులోంచి ముక్కు, తర్వాత పొట్ట, ఇంత లావు వస్తువు ఇంత నెమ్మదిగా గాల్లో ఎలా నిలబడిందో, చక్రాలు దించింది, రన్‌వే మొదటి అంచు మీదే కూర్చుంది, బురద రెండు గోడలై లేచింది, రెక్కల మీది పంకాలు గొంతు మార్చి బొబ్బరిల్లాయి, అతను తెలియకుండానే కుడికాలు నేలకేసి తొక్కుతున్నాడు, లేని బ్రేకు, ఆగు తల్లీ ఆగు, దుప్పట్ల వైపే దూసుకొస్తోంది, వస్తోంది, నడకలో పడింది, ఆగింది, దుప్పట్లకి ఇవతల, ఒక బస్సు పట్టేంత జాగా మిగిలింది, డాక్టరమ్మ గట్టిగా ఏడ్చేసింది, అతను నిలబడ్డచోటే కూలబడి నేల మీద అరచెయ్యి ఆన్చాడు, మంచి నేల, మోసం చెయ్యలేదు.

రోగికి తోడు ఒకరు రావచ్చన్నారు, స్ట్రెచరు పక్కన కూర్చుని పట్టీ బిగించుకున్నాడు, విమానంలో వచ్చిన ఒక సైనికుడు ఆమె చేతికి సూది గుచ్చి, ఇంకో గంటలో ఆపరేషన్ బల్ల మీద ఉంటారమ్మా, టైముకే వచ్చాం అన్నాడు, పైలట్ మొహం చూద్దామంటే నెరిసిన వెనక జుట్టే కనిపించింది, దానికే దండం పెట్టాడు, విమానం రన్‌వే మొదటికి పోయి తిరిగి పరుగందుకుంది, ఒళ్లంతా అదిరింది, ఏమయ్యా, నీ రోలరు కంటే బావుందే అంది ఆమె మత్తుగా, అదురు ఠక్కున ఆగిపోయింది, లేచారు, గుండ్రటి అద్దంలోంచి కిందికి చూశాడు, తెల్ల దుప్పట్లు వెనక్కి పోయాయి, వాటి పక్కనే పచ్చగా అమాయకంగా ఉన్న ఆ నాలుగు మీటర్లు, అప్పుడు, అప్పుడు తట్టింది అతనికి, పొద్దున్నించీ పైలట్ ప్రాణమా ఆమె ప్రాణమా అని నలిగిపోయాడే, రెండూ వేరనుకున్నాడే, దిగేటప్పుడు ఎలాగో బతికి బయటపడినా ఎగిరేటప్పుడు ఈ విమానంలో ఉండేది ఈమే కదా, ఈ స్ట్రెచరే కదా, ఆమెని వదులుకుంటున్నాననుకుని చెప్పిన మాటే ఆమెని దక్కించింది, అది కూడా తనంతట తాను చెప్పలేదు, ఇరవయ్యారేళ్లలో మొదటిసారి ఒకరు ఆగి, నీకు తెలిసింది చెప్పమని అడిగితే చెప్పాడు, ఆ అడిగిన అమ్మాయి కింద బురదలో నిలబడి చెయ్యి ఊపుతూ చిన్నదైపోతోంది, పేరైనా కనుక్కోలేదు, అతను భార్య వేళ్లని రెండు చేతుల మధ్యా పెట్టుకున్నాడు, వెచ్చగా ఉన్నాయి.