ముప్పై ఏడో నెంబరు ఇంటి ఎక్కిళ్లు

పొద్దుగాల తొమ్మిదింటికి రాజం తాళంచెవుల గుత్తి పట్టుకొని కొల్లాపూర్ పొలిమేరల ఉన్న డబుల్ బెడ్రూం కాలనీకి వస్తడు. ఖాళీ అయిన ఇండ్లల్ల కారే నల్లాలు, ఊడిన తలుపులు, పగిలిన బండలు బాగు చేయించి, వెయిటింగ్ లిస్టుల ఉన్నోళ్లకు తాళం అప్పజెప్పుడు ఆయన పని. కాయితం మీద వర్క్ ఇన్‌స్పెక్టరు. ఇన్‌స్పెక్టరనంగనే ఎదుటోళ్లు లేచి నిలబడ్తరు, ఆయన చెప్పులు చూసి మళ్ల కూసుంటరు. "ఇరవై మూడు ఇండ్ల తాళాలు జేబుల పెట్టుకొని, పొద్దూకినంక కిరాయి అర్రకు పోయేటోణ్ణి నేనొక్కణ్ణే," అని ఆయనే చెప్పి నలుగురిని నవ్విస్తడు.

ముప్పై ఏడో నెంబరు ఇంటికి ఎక్కిళ్లు పట్టుకొని అప్పటికి రెండు వారాలు. వేరే ఇండ్లకు చెమ్మ వస్తది, చెదలు వస్తయి. దీనికి ఎక్కిళ్లు వచ్చినయి. గంటకు ఆరేడు సార్లు గోడలు "హిక్" మంటయి, హాలుల కిటికీ పక్కన నాలుగు బండలు ఎగిరి పడ్తయి. మేస్త్రీ పోచయ్య ఆ నాలుగింటినే మూడుసార్లు వేసిండు.

"నా సిమెంటు తప్పేం లేదు సార్," అన్నడు పోచయ్య. "ఎవరో ఈ ఇంటిని యాది చేస్తున్నరు. పేరు చెప్తె ఆగుతది."

అది అందరికి ఎరుకే. ఎక్కిళ్లొస్తె పేర్లు ఒక్కొక్కటే అనుకుంట పోవాలె, యాది చేసేటోళ్ల పేరు కాడ టక్కున ఆగుతయి. రాజం ఫైలు తెచ్చి, ముందుగాల ఉండి పోయినోళ్ల పేర్లు చదివిండు. హిక్. తలుపులు పెట్టిన వడ్లాయన పేరు, కరెంటాయన పేరు చదివిండు. హిక్. ఇల్లు కట్టిన కాంట్రాక్టరు పేరు చదివితె ఎక్కిళ్లు ఇంకింత జోరైనయి.

ఇట్ల నవ్వుకుంట కూసునే కాలం లేదు. సోమవారం ఆఫీసర్లొస్తరు. అప్పటికి ఎక్కిళ్లు ఆగకపోతె ఇల్లు పనికిరాదని రాసి తాళం వేస్తరు. ఆ ఇల్లు రావల్సిన వెంకటనర్సమ్మ పేరు లిస్టు చివరికి పోతది. ముందు మూడు వందల పది మంది. అరవై ఎనిమిదేండ్ల మనిషి, ఒక్కతే ఉంటది. ఆమె ఉండే రేకుల షెడ్డును ఓనరు అమ్మేసిండు, నెలాఖరుకు ఖాళీ చెయ్యాలె.

శనివారం ఆమె వచ్చి గడపల నిలబడ్డది. "ఏం బిడ్డా, నా ఇంటికి ఇంక తగ్గలేదా?"

"లేదవ్వా. పేర్లన్ని అయిపోయినయి. రేపు వోటర్ల లిస్టు పట్కొస్త."

"జర నీళ్లు తాపకపోయినవా?"

"ట్యాంకు నిండ నింపినం."

వెంకటనర్సమ్మ కిటికీ కాడికి పోయి, లేచిన బండలను జానలతోటి కొలిచింది. వెలుగు ఏ దిక్కు నుంచి పడ్తున్నదో చూసింది. చిన్నగ నవ్వింది.

"బండలు ఊకెనే లేస్తలేవు. ఇది మగ్గం గుంట. కాళ్లు పెట్టుకొని నేసే గుంట కొలత గిదే. ఎవరో మనసుల ఈడ మగ్గం పెట్టుకున్నరు."

రాజంకు చెవులు వేడెక్కినయి. నాలుగేండ్ల కింద కిరాయింటాయన నేల తవ్వనియ్యనంటె, భార్య ఉష మగ్గాన్ని విప్పి కట్టెలు మంచం కింద పెట్టింది. అప్పటిసంది హోటల్ల గిన్నెలు తోముతున్నది. రెండు వారాల కింద ఈ కిటికీ కొలతలు రాసుకుంట రాజం ఒక్క నిమిషం ఆగిండు. ఆ తర్వాత అన్నం తింటున్నా, బండి మీద పోతున్నా, ఆ వెలుగుల ఉషను మనసుల కూసోబెడ్తనే ఉన్నడు. ఎక్కిళ్లొస్తె ఊర్లె లేనోళ్ల పేర్లంటం గని, ఎదురుంగ ఉన్నోళ్ల పేరు ఎవలంటరు? ఫైలు పట్టుకున్నోని పేరు ఫైల్ల లేకపాయె.

"ఎవలవ్వా వాళ్లు?" అన్నడు పోచయ్య.

పేరు చెప్తె ఇంటి మీద ఆశ బయటపడ్తది, దాంతోటి ఆ ఆశ పోతది గూడ. చెప్పకపోతె ముసలామె రోడ్డు మీద పడ్తది. రాజం కిటికీ దిక్కు తిరిగి, దొంగతనం ఒప్పుకున్నట్టు చిన్నగ అన్నడు.

"రాజం."

సగం లేచిన ఎక్కిలి గోడలల్లనే ఆగిపోయింది. వీధిల పోతున్న ఆటో చప్పుడు ఇనబడ్డది. రాజం ఉష సంగతి, మంచం కింది మగ్గం సంగతి చెప్పిండు. పోచయ్య ఆయనను చూసి తాపీ అందుకున్నడు.

వెంకటనర్సమ్మ బండల మీద కాలు పెట్టింది. "వీటిని వెయ్యకు. తవ్వు."

"అవ్వా, ఇంకొకళ్లకు కిరాయికియ్యొద్దు, రూలున్నది," అన్నడు రాజం.

"కిరాయి ఎవలడిగిండ్రు? నేసే చూపు నాకు పోయింది, నూలు కండెలు చుట్టే చెయ్యి పోలేదు. మీ ఆమెను మగ్గం తెచ్చుకోమను. తాళానికి రెండు చెవులుంటయి గద?"

సోమవారం వచ్చిన ఆఫీసరు గుంటల టార్చి వేసి చూసిండు. "ఇదేంది?"

"మరమ్మతు సార్. పూడిస్తె మళ్ల ఎక్కిళ్లొస్తయి," అన్నడు పోచయ్య.

"అట్లనా," అని ఆఫీసరు సంతకం పెట్టి పక్కింటికి పోయిండు.

ఉష ఆ వారమే హోటల్ల రానని చెప్పొచ్చింది. మగ్గం బిగించుడుకు మూడు రోజులు పట్టింది. నాలుగో నాడు వెంకటనర్సమ్మ కండెల గంప పక్కన పెట్టుకొని కూసున్నది. ఉష గుంట అంచు మీద కూసొని, నీళ్లు సల్లగున్నయో వెచ్చగున్నయో చూసేటోళ్ల లెక్క, ఒక కాలు లోపలికి దించింది. తర్వాత రెండో కాలు.