రెండు టర్కీ తుపాకులు, ఒక బోల్టు

కాదు మనవరాలా, అలా మొదలుపెట్టకు. ‘మా తాత మంచివాడు’ అన్న ముక్క కొట్టెయ్. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నెమ్మదిగానే చెబుతాను. కొట్టేశావా? సరే.

మొన్న శనివారం పాత తుపాకులు కొనే ఆ చార్ల్‌స్టన్ ఆయన వచ్చినప్పుడు నువ్విక్కడే ఉన్నావు, కాఫీ నువ్వే ఇచ్చావు. గోడ మీది నా టర్కీ తుపాకీ దించి, జేబులోంచి భూతద్దం తీసి, పది నిమిషాలు తిప్పి తిప్పి చూశాడాయన. గొట్టం మీదా, వెనక గడియలా మూసుకునే బోల్టు మీదా, ఆఖరికి కర్ర మీదా ఒకటే నంబరు.

“పెద్దాయనా, ఇలాంటిది వందకొకటి కూడా దొరకదు. అన్ని నంబర్లూ కలిశాయి. ఎవరూ చెయ్యి పెట్టలేదు. నిజాయితీ గల తుపాకీ ఇది,” అన్నాడు.

నేను అమ్మనన్నాను. ఎందుకు అమ్మలేదని నువ్వు మూడు రోజులుగా నా ప్రాణం తీస్తున్నావు. అందుకే కాగితం తెమ్మన్నాను.

తొంభై మూడో సంవత్సరం. జింకల వేట మొదలవడానికి రెండు వారాలుంది. టానర్ ఫోర్క్ ఊళ్ళో ఆన్సిల్ ప్రూయిట్‌కి హార్డ్‌వేర్ షాపు ఉండేది. మేకుల డబ్బాల పక్కన పొడుగాటి చెక్కపెట్టె ఒకటి దిగింది. టర్కీ సైన్యం ఎప్పుడో వాడి మూల పడేసిన మౌజర్ తుపాకులు అందులో. ఒక్కోటీ అరవై తొమ్మిది డాలర్లు. నల్ల గ్రీజులో ముంచి, మైనం కాగితం చుట్టి పంపారు. పైకి చూస్తే ఏది బాగుందో ఏది చెడిందో దేవుడికి కూడా తెలియదు.

నాకు తెలుసు. నేను చదివింది నాలుగో తరగతే, కానీ పాత తుపాకీని చదవడం వచ్చు. తూటా మొన గొట్టం మూతిలో పెట్టి చూస్తాను. మరీ లోపలికి దిగిపోతే గొట్టం అరిగినట్టే. కర్రని వేలితో కొట్టి వింటాను. పగులుంటే మోత మారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం నా దగ్గరున్న రెండు ఉక్కు ముక్కలు. రెండూ తూటా ఆకారమే, ఒకటి రెండోదానికన్నా వెంట్రుకంత పొడుగు. లోపల పెట్టి బోల్టు తోస్తే, పొట్టిదాని మీద మూసుకోవాలి, పొడుగుదాని మీద మూసుకోకూడదు. మూసుకుందంటే లోపల సందు ఎక్కువైనట్టు. తూటా పేలినప్పుడు వెనక ఇత్తడి గుల్ల చిట్లి, మంట కాల్చినవాడి మొహం మీదికే వస్తుంది. ఈ లోయ మొత్తానికీ ఆ ముక్కలు నా దగ్గరే ఉండేవి. ఎవడు పాత తుపాకీ కొన్నా, “హోబార్ట్ చూశాడా?” అని అడిగేవాళ్ళు ముందు.

క్లోవిస్, మీ చిన్నతాత, నాకన్నా ఆరేళ్ళు చిన్న. కర్రల మిల్లులో పెద్ద రంపం వాడిదే. దుంగని ఒక్క చూపు చూసి ఎన్ని పలకలొస్తాయో చెప్పేవాడు. ఆ చూపుకే వాడికి జీతం.

“అన్నా, నాకూ ఒకటి ఏరు. మంచిది నాకిచ్చి చెత్తది నువ్వుంచుకో,” అన్నాడు పెట్టె ముందు.

“నోరు మూసుకుని గ్రీజు తుడవరా.”

“ఇంకో గంట ఇక్కడే నిలబడితే మీ ఇద్దరి దగ్గరా అద్దె వసూలు చేస్తానయ్యా,” అన్నాడు ప్రూయిట్ గల్లా దగ్గర నుంచి.

“చెయ్యి. నా చొక్కా ఖరీదు అందులో మినహాయించు. చూడు, అంతా గ్రీజే. దీన్ని ఇప్పుడు మా ఆవిడ నాతో కలిపే ఉతుకుతుంది,” అన్నాడు క్లోవిస్.

పదిహేడు తుపాకులు చూసి రెండు ఏరాను. ఇంటికి తెచ్చి, షెడ్డులో రెండింటినీ వచ్చినవి వచ్చినట్టే ఉక్కు ముక్కలతో కొలిచాను. రెండూ నెగ్గాయి. శుభ్రం చేసి ఉంచుతానని చెప్పి వాణ్ణి పంపించాను.

మర్నాడు మధ్యాహ్నం రెండు బోల్టులూ కిరోసిన్ పళ్ళెంలో వేసి పళ్ళ బ్రష్షుతో రుద్దుతున్నాను. నా తుపాకీ నంబరు నాలుగు నాలుగు ఒకటి ఏడు. నా బోల్టు మీద వేరే ఏదో నంబరు బయటపడింది. అది మామూలే. పెట్టెల్లో సర్దేవాళ్ళు బోల్టులన్నీ ఊడదీసి, మళ్ళీ చేతికందింది పెట్టేస్తారు. తర్వాత క్లోవిస్ బోల్టు రుద్దాను. గ్రీజు కింద నుంచి ఒక్కో అంకె పైకొచ్చింది. నాలుగు. నాలుగు. ఒకటి. ఏడు.

తుపాకుల పిచ్చి లేనివాళ్ళకి ఇది అర్థం కాదు మనవరాలా. నంబరు కలిసినంత మాత్రాన తుపాకీ సూటిగా పేలదు, జింక తొందరగా పడదు. అయినా ఆ అంకెలు మళ్ళీ మళ్ళీ తుడిచి చూశాను. అన్ని నంబర్లూ కలిసిన టర్కీ తుపాకీ ఈ చుట్టుపక్కల ఒక్కడి దగ్గరా లేదు.

అడిగితే ఇచ్చేసేవాడే. నవ్వి ఇచ్చేసి, పదేళ్ళపాటు నలుగురిలోనూ ఎగతాళి చేసేవాడు. ‘మా అన్నయ్య అంకెల కోసం బతిమాలుకున్నాడు’ అని. ఆ ఎగతాళికి భయపడి అడగలేదు. మార్చేశాను.

వాడి బోల్టు నా తుపాకీలో పెట్టి కొలిచాను. బ్రహ్మాండంగా ఉంది. నా బోల్టు వాడి తుపాకీలో పెట్టాను. ముక్కలు రెండూ బల్ల మీద ఎర్రగుడ్డలో ఉన్నాయి. పొడుగుదాన్ని చేతిలోకి తీసుకున్నాను కూడా. పెట్టి చూస్తే, బోల్టు మూసుకుంటే? అప్పుడు మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టెయ్యాలి. ముక్కని గుడ్డలో పెట్టేశాను.

సరిగ్గా అప్పుడే వచ్చాడు క్లోవిస్, చేతిలో వాళ్ళావిడ కాచిన యాపిల్ పాకం సీసాతో.

“నా టర్కీ పెళ్ళికూతుర్ని ముస్తాబు చేశావా అన్నా?”

“అయ్యింది, తీసుకుపో.”

“కొలిచావా?”

“కొలిచాను.”

అబద్ధం కాదు చూశావా. కొలిచాను. ఆ బోల్టుతో కాదు, అంతే. ఈ ముప్పై ఏళ్ళూ ఆ మాట పట్టుకునే వేలాడాను.

శనివారం మిల్లు వెనక గుట్ట దగ్గర గురి సరిచూసుకోవడానికి వెళ్ళాం. ప్రూయిట్ దగ్గరే పాత టర్కీ తూటాలు చవగ్గా కొన్నాడు క్లోవిస్. రెండు పేల్చాడు, బాగానే ఉంది. మూడోసారి మోత వేరేగా వచ్చింది. తుపాకీ కింద పడింది. వాడు నెమ్మదిగా గడ్డిలో కూర్చున్నాడు.

“అన్నా, కంట్లో ఇసక పడింది, కాస్త ఊదు,” అన్నాడు.

ఊదడానికి అక్కడ కన్ను లేదు.

ఆస్పత్రి నుంచి వచ్చాక, షెడ్డులో ఒక్కణ్ణే వాడి తుపాకీ తీశాను. పొడుగు ముక్క పెట్టి బోల్టు తోశాను. బీరువా సొరుగులా హాయిగా మూసుకుపోయింది.

బయటికొచ్చి అందరికీ ఏం చెప్పానో రాయి. “తూటాలు పాతవి, ఇత్తడి కుళ్ళిపోయింది,” అన్నాను. హోబార్ట్ చెప్పాడు కదా, అందరూ నమ్మేశారు. ప్రూయిట్ షాపుకి జనం పోవడం మానేశారు. చర్చిలో ఆయన పక్కన కూర్చోవడం కూడా మానేశారు. ఒకరోజు నన్ను దారిలో ఆపి, “అవే తూటాలు ఇంకో ఇరవై మంది కాల్చారు హోబార్ట్, ఒక్కడికీ ఏమీ కాలేదు. తుపాకీ సరిగా చూశావా?” అని అడిగాడు. “నా తమ్ముడి కన్ను పోగొట్టి నన్నే అడుగుతావా?” అని అరిచాను. రెండేళ్ళకి షాపు మూసేసి ఒహాయోలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్కడే చనిపోయాడు.

క్లోవిస్‌ని రంపం మీద నుంచి తీసేశారు. ఒంటి కన్నుకి దూరం తెలియదు కదా. వాడు పెద్ద రంపం నడిపిన మిల్లులోనే చీపురు పట్టుకుని రంపపు పొట్టు ఊడ్చాడు. పైగా నన్నే ఓదార్చేవాడు. “తప్పు నాదే అన్నా. చవక తూటాలకి ఆశపడ్డాను. నువ్వు చూసిన తుపాకీకి ఏం లోటు?”

ఆ తుపాకీని నేను గ్యాసు మంటతో ముక్కలు కోసి వాగులో పారేశాను. తమ్ముడంటే ఎంత ప్రేమో అనుకున్నారు ఊళ్ళో.

ఇప్పుడు చక్కెర జబ్బుతో వాడికి ఆ రెండో కన్నూ పోయింది. కూతురు వెర్నా ఇంట్లో కూర్చుని ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేస్తాడు. “నీ టర్కీ ముసలిది కులాసానా అన్నా?” అంటాడు. “కులాసానే,” అంటాను.

అదీ సంగతి. ఆ తుపాకీ అమ్మే హక్కు నాకు లేదు.

రేపు నువ్వు వెర్నా ఇంటికి వెళ్ళు. నేను రాను. నేనుంటే ‘పోనీలే అన్నా’ అనేస్తాడు, ఆ మాట వినే అర్హత నాకు లేదు. తుపాకీ తీసుకెళ్ళు. బోల్టు ఊడదీసి వాడి చేతిలో పెట్టు, పిడి మొదట్లో ఉన్న అంకెలు బొటనవేలితో తడమనివ్వు. ఆ బోల్టు వాడిదని చెప్పు. ఆ తర్వాత ఇదంతా మొదటి నుంచి నెమ్మదిగా చదివి వినిపించు. ‘కొలిచాను’ అన్న చోట ఆగు. దాన్ని రెండుసార్లు చదువు.